గంగారత్నం వొదిన బండి దిగిన రోజు

కూకో తులసమ్మా, టీ ఏటీ పెట్టకు. టీ కోసం రానేదు నాను. మీ అత్త పడుకుందా? పడుకోనీ. మీ అత్త ఉప్పలమ్మ మాట పడిపోయి మంచం పట్టినకాడి నుంచీ ఈ లైనంతా ఎలా బోసిపోనాదో సూడు. అది కుళాయి కాడ అరిస్తే కొండ మీద డంపరోడు కూడా ఆపీసేవోడు. అది సరేగానీ, నీ మొగం ఏటే అలా పీక్కుపోనాది? అద్దం సూసుకున్నావా ఈ మధ్య? "బాగానే ఉన్నాను పిన్నీ" అంటావు. ఊఁ, అనవే. అచ్చం ఆ మాటే, ఆ గొంతుకే గంగారత్నం వొదినది. "బాగానే ఉన్నానే సోమీ." కళ్లు సూస్తే రెండు గుంటలు. ఎవరంటావా? నువ్వు ఈ కిరండూల్ కోడలివై రాకముందే పోనాదిలే. ఎనకాతల లైన్లో, మా పక్కన మూల క్వార్టరు. ములగ సెట్టు ఉంది సూడు, ఆ కాయలు మనందరం తింటన్నాం కదేటి, ఆ సెట్టు వొదిన ఏసిందే.

ఆవిడ పెనిమిటి భూషణం బావ. పార్వతీపురం కాడ నుంచి మేమూ ఆళ్లూ ఒకే రైలెక్కి వొచ్చేం, ఈ ఇనప గనులు కొత్తగా తెరిసిన రోజుల్లో. అప్పుడీ రోడ్లేవీ నేవు, ఎటు సూసినా ఎర్ర దుమ్మే. తెల్ల సీర కొనుక్కుంటే ఉతికిన మర్నాటికి ఇటికరాయి రంగు. మా ఆయనా భూషణం బావా ఒక షావలు మీదే పనిసేసేవోరు. ఆ ముద్ద రాళ్లని ఎత్తి డంపర్లో పోస్తాదే, ఆ పెద్ద బండి. ఆయన దిగితే ఈయన ఎక్కడం, ఈయన దిగితే ఆయన ఎక్కడం. ఇళ్లకాడ కన్నా ఆ ఇనప నిచ్చెన మీదే ఎక్కువ కలుసుకునేవోరు ఇద్దరూ. భూషణం బావ మాటకి గట్టిగానీ మనసు ఎన్నపూస. అలాటోడికి పచ్చవాతం వొచ్చీసింది. కుడి పక్కంతా పోనాది, మాట పోనాది. ఎడం సెయ్యి మాత్రం మిగిలింది.

పిల్లా జెల్లా నేరు వొదినకి. మేం ఊరుకుంటామేటి, లైనంతా కదిలేం. నాను గంజి పట్టుకెల్తే గుమ్మంలోనే ఆపీసింది. "నా మొగుడికి ఊరోళ్ల సేత సేయిస్తానా? నా సెయ్యి అయితేగానీ ఆయన ముద్ద మింగడే" అన్నాది. గిన్నె పుచ్చుకుని తలుపేసీసింది. ఎత్తడం, కడగడం, పక్క మార్చడం, అన్నీ తనే. తల దువ్వుకోడం మానీసింది. తిన్నాదో నేదో తనకే తెలీదు. సంత రోజొస్తే హుంగే వొచ్చి గుమ్మంలో నిలబడేది. హుంగే అంటే ఆ కిందూరు నుంచి సింతపండూ ఆకు దొన్నెలూ తెచ్చి అమ్మేదిలే, వొదినకి పేణం. ఇదివరకు సంతంటే ఇద్దరూ ఓ సెట్టుకింద కూకుని సాయంత్రం దాకా కబుర్లే. ఒకర్ది తెలుగు, ఒకర్ది గోండీ, మధ్యలో ముక్కల హిందీ. ఏటి అర్థమయీదో ఆళ్లకే తెలియాలి. "బాయీ, చలో బజార్" అనేది పాపం. ఈవిడ తలుపు సందులోంచే సెయ్యి ఊపీసేది.

ఓ రోజు ఏటయిందంటే, జావ పడతా పడతా వొదిన కూకున్నపళంగా తూలిపోనాది. సెంచా ఆయన నోట్లోనే ఉంది. జావ అడ్డం పడిపోయి, ఓలమ్మో, మనిషి మొగం నీలంగా అయిపోనాది. ఆ గుర్రు నాకు గోడవతల ఇనిపించింది. పరిగెత్తేను. ఇద్దరం పక్కకి తిప్పి ఈపు మీద సరిస్తే సరిస్తే అప్పుడు ఊపిరందింది. వొదిన నా కాళ్ల మీద పడిపోయి ఒకటే ఏడుపు. "నా సేత్తో నానే సంపీసేదాన్ని కదే." మరి బుద్ధొచ్చిందా అంటే, రానేదు. "ఇక మీదట కన్నే మూయను" అన్నాది! కన్ను మూయకుండా ఉండడానికి నువ్వేటి దేవతవా అంటే ఇంటాదా?

అదిగో, ఆ మర్నాటి నుంచి మొదలెట్టేడు బావ. పొద్దున్న గని సైరను కూతకి జావ పడితే తాగీసేవోడు. మజ్జాన్నం షిఫ్టు మారే కూత కూసేదా, ఇంక అంతే. నోరు బిగించీసేవోడు. ఎడం సేత్తో మంచం ఇనప పట్టీ మీద టక్ టక్ మని రెండు దెబ్బలు కొట్టి మొగం గోడకేసి తిప్పీసుకునేవోడు. బతిమాలింది, కళ్లనీళ్లెట్టుకుంది. ఊహూఁ. మళ్లీ టక్ టక్. రోజూ ఇదే వరస. మనిషి సిక్కిపోతన్నాడు. వొదిన నా ఒళ్లో తలెట్టుకుని "ఆ రోజు పీక మీదికి తెచ్చేను కదే, నానంటే ఏవగింపు పుట్టీసిందే ఆయనకి" అంటాది. నాకూ అలాగే అనిపించిందమ్మా, అబద్ధమెందుకు.

అప్పుడే మా ఆయన డూటీ నుంచి వొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, నెత్తిన టోపీ కూడా తియ్యనేదు. ఆ టక్ టక్ ఇన్నాడు. నవ్వీసేడు. నవ్వుతా నవ్వుతా కళ్లు తుడుసుకున్నాడు. "ఏవగింపు కాదు వొదినా. బండి దిగమంటన్నాడు నిన్ను" అన్నాడు. ఏటంటే, కొండ మీద ఆళ్లకో పద్ధతి. కూత అవగానే దిగేవోడు కేబిను రేకు మీద రెండు దెబ్బలు కొట్టాలి, ఎక్కేవోడు తిరిగి రెండు కొట్టాలి. అక్కడితో బండి ఎక్కినోడిది. దిగినోడు ఎనక్కి సూడకూడదు, సగం పనున్నా సరే, తిన్నగా బస్సెక్కీడమే. "నిద్దర మొగంతో బండి మీద కూకుంటే నువ్వొక్కడివే సావవు, కిందున్నోడూ సస్తాడు" అని కుర్రోళ్లని తిట్టేవోడట బావే.

మా ఆయన ఎల్లి మంచం మీద టక్ టక్ కొట్టి గిన్నె అందుకున్నాడు. నోరు తెరిసీసేడమ్మా బావ! గబగబా తాగీసేడు. వొదిన గుడ్లప్పగించి సూస్తంది. "మరి నానెక్కడికెల్లాలి?" అన్నాది. ఇల్లు తప్ప దారి మరిసిపోనాది మనిషి. ఆవేళ సంత. హుంగే రెక్కట్టుకు లాక్కుపోనాది. సాయంత్రానికి ఒట్టి సంచీ ఊపుకుంటా వొచ్చింది, సెంపంతా గంప అల్లిక అచ్చు పడింది. "ఒలే సోమీ, సంత నడిమధ్యలో నిద్దరోయీనానే, సిగ్గుసేటు!" అని నవ్వు. ఎన్నాళ్లకి ఇన్నానో ఆ నవ్వు.

తరవాత బావ సాన్నాళ్లు బతికేడు. మజ్జాన్నం కూతకి ఎవరో ఒకరం ఎల్లేవోళ్లం, మగోళ్లూ ఎల్లేవోరు. ఆయన పోయేక మరి వొదినే మొదలెట్టింది. ఈ టౌన్‌షిప్పులో ఎవరింట్లో మంచం పట్టినా సరే, కూత అయిందంటే గుమ్మంలో టక్ టక్.

ఆఖర్న తను మంచం పట్టింది. నాను సూసుకున్నాను. ఆ రోజు కూత కూసింది, హుంగే వొచ్చి పక్కన కూకుంది. వొదిన సెయ్యెత్తలేక ఏలితో కొట్టింది పట్టీ మీద. ఎల్లేను. సంతలో ఎండుసేపలు బేరమాడతంటే కబురొచ్చింది. "అన్నాళ్లు సేసి కడసూపుకి నేకపోనావా" అన్నారు అందరూ. ఏడిసేను. ఏడవనేటి మరి? అయినా నన్ను దింపింది తనే కదేటి. వొదిన సెయ్యి హుంగే సేతిలో ఉంది. ఒంటరిగా పోనేదు.

...

ఇన్నావా? కూసింది. ఆ గిన్నె ఇలా తే. తేవే! సెప్పులేసుకో. సంతకెల్తావో, మా ఇంట్లో తలుపేసుకు పడుకుంటావో నీ ఇష్టం, ఒట్టి సేతుల్తో వొచ్చినా ఏటీ అడగను. ఇంకా అలా నిలబడిపోనావేటే? టక్ టక్. అయిపోనాది, ఎల్లు. ఒలే ఉప్పలా, లెగు, నానే. జావ తాగుదాం.