బుడగ లేకుండా అంటించిన పిక్‌గార్డ్

…అదేనే, ఆలస్యమైంది, ఏమనుకోకు. నిన్నట్నుంచీ నీకు జవాబు రికార్డు చెయ్యడం, చెరిపెయ్యడం, ఇదే పని. కోపంలో ఏమంటానో అని. ఇప్పుడూ తగ్గలేదనుకో. నువ్వు పంపిన ఫోటో చూశా, మీ అమ్మ గిటార్‌ది. “పిన్నీ, పిక్‌గార్డ్ అంచు లేచింది, అదే చోట కొత్తది అంటించనా” అన్నావు. అదే చోటట! అసలు చెక్కకి గీతలు పడకుండా వేసే ఆ నల్ల ప్లాస్టిక్ ముక్క అక్కడెందుకుందో తెలుసా నీకు? మా అక్కది ఎడమచేతి వాటం. తీగలు మార్చుకుని, గిటార్ తిరగేసి పట్టుకునేది. చెక్క గీరుకుపోతోందని మా నాన్న గొడవ. మీ తాతయ్య షాపుల అద్దాలకి నల్ల ఫిల్మ్ అంటించేవాడు కదా, ఆ చేతిపని చూడాలి నువ్వు! ప్లాస్టిక్ షీటు తెచ్చి ఆయనే కోస్తున్నాడు. అక్క వెళ్లి, “నాన్నా, నా గీతలు ఇటు పడుతున్నాయి, ఇటు పెట్టు” అంది. తలెత్తితేనా! “దీని చోటు ఇదే. మారాల్సింది నీ చెయ్యి” అన్నాడు. దువ్వెన మార్చినట్టా, చెయ్యి మార్చడమంటే? అటు కోసినవాడికి ఇటు కొయ్యడం ఓ లెక్కా? సబ్బునీళ్లు చల్లి, ఆ గుండ్రటి రంధ్రం అంచుకి ఆనించి, అట్టముక్కతో మధ్యలోంచి బయటికి నొక్కుకుంటూ అంటించేశాడు, తనక్కావాల్సిన కుడిచేతివాళ్ల వైపే. మరి మీ అమ్మ? పోట్లాడిందా? లేదు. ఎడమచేత్తోనే వాయించుకుంది. “పీకి పారెయ్యవే” అని నేనంటే, “ఉండనీవే, నాన్న ఎలా అంటించాడో చూడు, ఒక్క బుడగ లేదు” అని వేలితో నిమిరేది. దానికే నాకు ఒళ్లు మండేది, ఇప్పటికీ మండుతుంది. అక్క పోయేనాటికి తన చెయ్యి పడే వైపు చెక్క తెల్లగా అరిగి గుంటపడింది. అటు ప్లాస్టిక్ మీద గీత లేదు, నిగనిగలాడుతోంది, చూశావుగా.

ఇవన్నీ నీకు చెప్పకపోదును. కానీ నీ వాయిస్ నోట్ చివర్లో ఏం వినబడిందో నువ్వు విన్నావా? “ఆ చెయ్యి కాదే, ఎన్నిసార్లు చెప్పాలి నీకు!” ఎవర్నే అంత కసురుతున్నావు? నీ కూతుర్నేగా? మళ్లీ పెట్టుకుని విన్నా. గొంతు నీదే, ఆ విసుగు మాత్రం అచ్చం మా నాన్నది. గిటార్ క్లాసులో పిల్లలందరూ కుడిచేత్తోనే వాయిస్తారని చెప్పకు నాకు. ఆ పిల్ల అమ్మమ్మ గిటారే అది! విను, పాతదాన్ని హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెట్టి మెల్లిగా లాగు, గుంజితే పాలిష్ లేచొస్తుంది. కొత్తది ఆ గుంటపడ్డ వైపు అంటించు. బుడగలొస్తే రానీ, పర్లేదు. అంతకన్నా ముందు పిల్లని పిలిచి, “నీ ఇష్టమొచ్చిన చేత్తో వాయించుకోవే” అని— అబ్బా, మీ బాబాయి పిలుస్తున్నారే… వస్తున్నానండీ! ఆ గేటు మీరు తీస్తే ఏం పోయింది?