అత్తయ్య పేరు పెట్టిన నాచు

కాలేజీ మూడో అంతస్తులో నాచుల మీద పరిశోధన చేసే ల్యాబ్. కోడలు తల పట్టుకుని కూర్చుని ఉంటే, జుట్టుకి రంగేసుకుని మరీ అత్తగారు చెప్పాపెట్టకుండా దిగబడింది.

"ముందు దాన్ని కింద పెట్టండి అత్తయ్యా!"

"చూస్తున్నానే అమ్మాయ్, కొరుక్కు తింటానా ఏంటి? ఇదేనా నా నాచు?"

"కాదు. అది చేతులు కడుక్కునే సబ్బు."

"అదీ పచ్చగానే ఉంది మరి. నాదేదీ? వీధి వీధంతా అడుగుతున్నారు. మందులషాపావిడైతే, 'కొత్తగా దొరికిన నాచుకి మీ కోడలు మీ పేరు పెడుతోందటగా, ఫొటో ఏదీ' అని నిలదీసింది. దాని పక్కన నిలబడి ఒక్క ఫొటో దిగి పోతా. ఆదివారం అందర్నీ టీకి పిలిచేశాను కూడా."

"ఎందుకు పిలిచారు? ఫొటో లేదు, నాచూ లేదు."

"లేదంటే?"

"లేదంటే లేదు. మీ పేరు పెట్టడానికి ఏమీ మిగల్లేదు. ఇంకాసేపట్లో మా గైడ్ మేడమ్ వస్తారు. 'కొత్త జాతి కాదు, నేనే పొరబడ్డాను' అని ఆవిడకి చెప్పేసి, నాలుగేళ్ల చదువు మూటగట్టుకుని ఇంటికొచ్చేస్తా."

"అయ్యో అయ్యో! ఎవడు ఎత్తుకుపోయాడే?"

"ఎవరూ ఎత్తుకుపోలేదు. వినండి. మైక్రోస్కోపులో చూస్తే ఈ నాచులన్నీ ఒకేలా ఉంటాయి, చిన్న చిన్న పచ్చ గుండ్లు. ఆకారం చూసి ఏ జాతిదో చెప్పలేం. అందుకని వాటి డీఎన్ఏలో ఒక ముక్క పట్టుకుని అక్షరం అక్షరం చదువుతాం. ఆ ముక్క జాతి జాతికీ తేడాగా ఉంటుంది. చీకట్లో మనిషి కనపడకపోయినా గొంతు విని ఫలానా అని పోల్చుకోమూ? అలాగ."

"గొంతంటే మీ మావయ్యదే. పళ్లసెట్టు పోకముందు తెల్లారకుండానే పాట అందుకునేవారు. నాలుగు వీధుల అవతల నుంచి పోల్చుకునేవాళ్లు."

"ఇప్పుడు మావయ్య పాటెందుకు? కుంటలోంచి తెచ్చిన మొదటి సీసాలో నాచు ముక్క చదివితే, ఇంతవరకూ ప్రపంచంలో ఎవరు రాసిపెట్టిన ఏ జాతితోనూ కలవలేదు. కొత్తది!"

"అవును, నన్ను వాటేసుకుని గెంతావుగా. ఇప్పటికీ నడుం పట్టేస్తోంది."

"ఆ సంతోషంలో మళ్లీ మళ్లీ చదువుదామని సీసాలో నాచంతా నూరేశాను. ఇంకా కావాల్సొచ్చి కాలేజీ వెనక ఆ కుంటకే మళ్లీ వెళ్లా. అదే గట్టు, అదే మూల. తెచ్చి చదివితే మామూలు నాచు, ఎక్కడపడితే అక్కడ ఉండేది. ఇంకోసారి తెచ్చా. మళ్లీ అదే. 'రెండోసారి దొరకనిది అసలు దొరకనట్టే లెక్క' అన్నారు మేడమ్."

"మరి... ఆ మొదటి సీసా కుంటలోదేనంటావా?"

"అదేం మాట? నేనే మోకాలి లోతు దిగి తెచ్చా. ఇక్కడ ఫ్రిజ్ పాడైతే ఒక్క పూట మనింటి ఫ్రిజ్‌లో పెట్టాను, అంతే. అత్తయ్యా, ఎక్కడికి లేచారు?"

"ఆ మూల గాలి బాగా వస్తుందేమోనని."

"కూర్చోండి. ఆ సీసా ముట్టుకున్నారా?"

"నేనా? నేనెందుకు ముట్టుకుంటా?"

"అత్తయ్యా."

"ముట్టుకుంటే మాత్రం ఏమైంది?"

"అత్తయ్యా!"

"పాడైపోయిన షర్బత్ అనుకున్నానే! మూత తీస్తే ఒకటే కంపు. సింకులో పారబోసి శుభ్రంగా తోమేశా. తోమాక చూసుకున్నా, మూత మీద 'ముట్టుకోవద్దు' అని నీ రాత."

"పారబోశారా?!"

"పారబోసి ఊరుకున్నానా? మళ్లీ నింపి పెట్టాగా! అచ్చం అదే రంగు. నీకు అనుమానమన్నా వచ్చిందా? మెచ్చుకోవాల్సింది పోయి..."

"ఆగండాగండి. దేంతో నింపారు?"

"నీళ్లతో."

"ఏ నీళ్లతో?"

"పచ్చటి నీళ్లతో."

"మనింట్లో పచ్చటి నీళ్లెక్కడివి?"

"ఉన్నాయ్‌లే ఎక్కడో."

"అత్తయ్యా, మీకర్థమవుతోందా? కొత్త జాతి కుంటలో లేదు, మనింట్లోనే ఉంది! ఎక్కడో చెప్పండి, మా అత్తయ్య బంగారం కదూ."

"చెప్పను."

"పూలకుండీ కింద పళ్లెంలోనా?"

"కాదు."

"కూలర్‌లోనా?"

"కాదు."

"బాత్రూంలో..."

"ఛీ! నా పేరు పెట్టేదాన్ని బాత్రూంలోంచి తెస్తానా? అది సరే గానీ, ఎక్కడ దొరికిందో కూడా రాస్తారా?"

"రాయాల్సిందే. ఫలానా చోట, ఫలానా నీళ్లలో దొరికిందని ప్రపంచమంతా చదివేలా రాస్తాం."

"అయితే నా పేరొద్దు. మీ మేడమ్ పేరు పెట్టేసుకోండి. వస్తా మరి."

"మీరు కదిలారంటే గుమ్మానికి అడ్డం పడుకుంటా అత్తయ్యా! నా మీద ఒట్టు, చెప్పండి."

"ఒట్లెందుకే! మేడ మీద... నీళ్ల ట్యాంకు వెనకాల. గాజు గ్లాసు."

"గ్లాసులో?"

"నీళ్లు."

"నీళ్లలో?"

"ఉంటుంది ఏదో ఒకటి."

"అత్తయ్యా, మేడమ్ మెట్లెక్కి వచ్చేస్తున్నారేమో!"

"మీ మావయ్య పళ్లసెట్టే తల్లీ! చాలా?"

"మావయ్య పళ్లసెట్టా! దానికోసం ఇల్లంతా తలకిందులు చేశాం! పరుపు కోసి దూదంతా తీశాం! పక్కింటి కుక్క మింగిందేమోనని మావయ్య దాని నోట్లోకి టార్చి వేసి మరీ చూశారు! అది కరిచింది!"

"కరవలేదు, ఊరికే గీరింది."

"ఎందుకు దాచారు?"

"పాడతారే! అవి నోట్లో ఉంటే పాడతారు! ఇంకా దుప్పటన్నా తియ్యకుండా ఎత్తుకుంటారు. పెళ్లయిన దగ్గర్నుంచీ వింటున్నా. పళ్లు లేకపోతే గాలే గానీ రాగం రాదు. ఒక్క వారం కంటినిండా నిద్రపోయి ఇచ్చేద్దామనుకున్నా. నిద్ర రుచి మరిగానే అమ్మాయ్! అయినా ఆయనకేం లోటు చేశాను? మూడు పూటలా మెత్తగా ఉడికించి, చిదిమి, పాలు పోసి, ఊది ఊది పెడుతున్నా."

"కొత్త సెట్టు చేయిద్దామంటే వద్దంటే వద్దన్నారు మావయ్య. 'ఇలాగే గడిచిపోతుందిలే అమ్మా' అన్నారు. నాకు ఏడుపొచ్చింది. అంత మంచి మనిషిని..."

"నాకూ కడుపు తరుక్కుపోయింది. అయినా నిద్ర నిద్రే కదా!"

"సరే, అదంతా తర్వాత. గ్లాసులో ఇప్పుడు నీళ్లున్నాయా?"

"ఏమో. నీ సీసా నింపాక మళ్లీ మేడెక్కితే ఒట్టు. ఈ మోకాళ్లతో ఎక్కడెక్కను? ఈ ఎండలకి ఎప్పుడో ఎండిపోయుంటుంది."

"ఎండిపోయిందా! అయితే చచ్చిపోయినట్టే. అయిపోయింది. నా పని అయిపోయింది."

"ఏడవకే. ఏయ్, ఏడవకంటే. ముక్కు తుడుచుకో. మీ మావయ్యకి ఫోన్ చేసి వెళ్లి చూడమను."

"పళ్లు కనపడితే?"

"కనపడనీ. తిడితే తిట్టనీ. పాడితే పాడనీ. నీ చదువుకంటే నా నిద్ర ఎక్కువా?"

"నిజంగానా అత్తయ్యా?"

"చెయ్యవే, మళ్లీ నా మనసు మారకముందే."

"హలో, మావయ్యా? స్పీకర్‌లో పెడుతున్నా, అత్తయ్య పక్కనే ఉన్నారు. మీరు కాస్త మేడెక్కాలి. ట్యాంకు వెనకాల ఒక గాజు గ్లాసు ఉంటుంది. కోప్పడకండి. అందులో కాస్తన్నా నీళ్లు మిగిలాయేమో..."

"నిండుగా ఉన్నాయమ్మా. పొద్దునే చూశా."

"పొద్దునే చూశారా?"

"ఏవండీ! మీకు ఆ గ్లాసు సంగతి తెలుసా?"

"నువ్వు దాచిన వారంలోనే తెలుసు."

"మరి కుక్క నోట్లోకి టార్చి ఎందుకు వేశారు?"

"నువ్వు కిటికీలోంచి చూస్తున్నావుగా, అందుకు వేశా. పళ్లు దొరికాయంటే మళ్లీ నీ గట్టి రొట్టెలే కదే నాకు! ఈ వైభోగం ఎక్కడ పోతుందోనని, రోజూ మేడెక్కి ఆ గ్లాసు ఎండిపోకుండా నీళ్లు పోసి వస్తున్నా. అమ్మాయ్, ఆ నాచుని పెంచింది నేనమ్మా, పేరు నాది పెట్టు."