గడియ పెట్టని ఇళ్లు

ఉప్పెన చూసిన దివిసీమ కుటుంబాల మనసు కుదుటపడాలని విజయవాడలో ఒక హాల్లో శిబిరం పెట్టారు. అందరూ చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడి ఊపిరి పీలుస్తుండగా, అరవై దాటిన ఒకావిడ చెయ్యి విడిపించుకుని వరండాలోకి వచ్చేసింది. శిబిరం పెట్టిన అమ్మాయి వెనకే వచ్చింది.

"వచ్చేశారేంటండీ? ఒంట్లో బాగోలేదా?"

"ఊపిరాడలేదమ్మా."

"మంచిదేనండీ. ఒంట్లో దాక్కున్న భయం బయటికొస్తోంది. మనందరి బాధా ఒకటే. ఉప్పెన మాటెత్తితే మీ ఊళ్లోనే ఉన్న మా తాతయ్య కూడా వణికిపోయేవారు."

"వణకరా మరి! ఊరి మొత్తానికీ డాబా ఇల్లు మీ ఒక్కరిదే. మా అమ్మ తమ్ముణ్ణి చంకనేసుకుని మీ తలుపు బాదింది. నేను కొంగు పట్టుకునున్నాను."

"గాలి హోరులో వినపడలేదనేవారండీ."

"లోపల మీవాళ్లు గడియ బిగించిన చప్పుడు మాకు వినపడిందిగా! తెల్లారేసరికి అమ్మ చంకలో తమ్ముడు లేడు."

"అప్పటికి నేను పుట్టనే లేదు. అందుకే కదండీ ఇదంతా చేస్తున్నాను!"

"చెయ్యమ్మా. మేమూ ఒకటి చేస్తున్నాం. గాలి రేగితే మా పేటలో ఏ ఇంటికీ గడియ పెట్టరు. ఇల్లంతా తడిసినా సరే, తలుపుకి రాయి అడ్డం పెట్టి తెరిచే ఉంచుతాం. ఉప్పెన ఎరగని పిల్లలు కూడా మబ్బు పడితే రాయి తెచ్చుకుంటారు."

"అబ్బ, ఎంత బాగుందండీ! ఈ మాట లోపల అందరికీ చెప్పాలి మీరు. రండి."

ఆ అమ్మాయి తలుపు తోసింది. తెరుచుకోలేదు. మధ్యలో ఎవరూ రాకుండా లోపల గడియ వేసుకోమని పొద్దున తనే చెప్పింది.

"బాదమ్మా. వినపడుతుందేమో చూద్దాం."