మేడం గారిని ఆపిన కుర్చీ

సభ మొదలైన తీరును ముందుగా వరుసలో చెప్పి, ఆ తర్వాత వందనాలకు వస్తాను. ఈ అలవాటు నాకు మానదు, మన్నించండి.

ఒకటి: అధ్యక్షుల వారు చెప్పిన వేళకే వచ్చారు. ఆలస్యమైంది మేమే.

రెండు: రెండు గజాల దూరం పాటించాలని, దండను బల్ల మీద పెట్టి మేమంతా పక్కకు జరిగాం. సన్మానం అందుకోవలసిన ఉషాదేవి గారు తన దండను తానే తీసుకుని, తన మెడలో తానే వేసుకున్నారు. (నవ్వులు)

మూడు: దండ వేసిన చేతులూ వేయించుకున్న మెడా ఒకరివే కావడంతో ఎవరికి చప్పట్లు కొట్టాలో తెలియక అందరం ఊరుకున్నాం.

నాలుగు: ఆమె నవ్వారు. మాస్కు ఉంది కాబట్టి కళ్ళను బట్టి చెబుతున్నాను. కరోనా వచ్చిన దగ్గర నుంచి మనుషుల ముఖాలను మనం సగమే చదువుకుంటున్నాం.

ఇప్పుడు కొట్టండి. (చప్పట్లు)

సభాధ్యక్షులు, మన ఇండోర్ స్టేడియం కార్యదర్శి శ్రీ జశ్వంత్‌భాయ్ గారికి, వారి పక్కన కూర్చుని నా తెలుగును ఎప్పటికప్పుడు వారి చెవిలో గుజరాతీ చేస్తున్న మా గ్రాఫిక్స్ విభాగపు హిమశ్రీకి, హాలు ఇచ్చిన గోడాదరా తెలుగు సంఘం పెద్దలకు, ఉన్, కామ్‌రేజ్ ప్రాంతాల నుంచి పాళీలు మార్చుకుని మరీ వచ్చిన మిత్రులకు, అందరికన్నా ముందుగా, ఈ నెలాఖరుతో సూరత్ విడిచి వెళుతున్న మా వీడియో విభాగపు పెద్ద ఇంజినీరు శ్రీమతి ఉషాదేవి గారికి నా నమస్కారాలు.

నేను ఆ విభాగంలో రీప్లేల పని చూస్తాను. సాంచెల, అంటే మరమగ్గాల, మరమ్మతు నుంచి పెళ్ళి వీడియోలకూ, పెళ్ళి వీడియోల నుంచి ఆటలకూ వచ్చినవాణ్ణి. ఈ పని నాకు ఏ కళాశాలా నేర్పలేదు. యంత్రాలతో పాటు వచ్చే పుస్తకాలను నిఘంటువు పక్కన పెట్టుకుని చదివి నేర్చుకున్నాను. అందువల్ల నేర్పే మనిషి దొరకడమంటే ఏమిటో, నలభై దాటాక దొరికితే అది ఎంతటి అదృష్టమో, నాకు కొంచెం ఎక్కువగా తెలుసు.

ఈ సాయంత్రం నాకు రెండు పనులున్నాయి. మొదటిది మేడం గారికి వీడ్కోలు చెప్పడం. రెండవది అధ్యక్షుల వారికి ఒక విన్నపం చేయడం. వచ్చే నెల నుంచి వీడియో గదిలో లింగమూర్తి అన్న కూర్చునే కుర్చీ అవసరం లేదని ఆఫీసు నిర్ణయించింది. కుర్చీ పోతే అన్నకు పని కూడా పోతుంది. ఆ నిర్ణయాన్ని మార్చమని అడగబోతున్నాను. సన్మాన సభలో విన్నపాలేమిటని అనుకోకండి. మేడం గొప్పతనం చెప్పాలంటే ఆ కుర్చీని దాటి వెళ్ళడం నాకు చేతకాలేదు. హిమశ్రీ, ఇది కూడా చెప్పమ్మా, మర్యాద కోసం వదిలేయకు. (నవ్వులు)

(వెనక వరుస నుంచి లింగమూర్తి: "అరే పరమేశ్, నా ముచ్చట ఎందుకే ఇప్పుడు? మేడం ముచ్చట చెప్పు జర!")

మేడం ముచ్చటేనన్నా. కూర్చో.

కరోనాకు ముందు మా పద్ధతి ఇలా ఉండేది. ఏ కెమెరా తీసిన ఆట ఆ కెమెరా డిస్కులోనే పడేది. సెట్టు సెట్టుకూ ఆ డిస్కులను సంచిలో వేసుకుని, కోర్టు పక్క నుంచి మెట్లెక్కి, మా ఎడిటింగ్ గదులకు మోసుకొచ్చేది లింగమూర్తి అన్న. ఒకరి దగ్గర ఉన్నది మరొకరి దగ్గర ఉండేది కాదు. "ఫస్టు సెట్టు ఎవని తాన ఉన్నదిరా?" అని ఒకరు గుమ్మంలోంచి అరిస్తే, "పరుశురాం మింగిండు, రేపటికి బయటికొస్తది" అని ఇంకొకరు జవాబిచ్చేవారు. మా ఎడిటర్ పరుశురాం ఇక్కడే ఉన్నాడు, నవ్వుతున్నాడు, కాబట్టి ఈ మాట నిజమే.

తర్వాత స్టేడియం మూతపడింది. మళ్ళీ తెరిచినప్పుడు ప్రేక్షకులు లేరు, ఆటగాళ్ళూ కెమెరాలే. ఏ వస్తువూ ఒక చేతి నుంచి మరో చేతికి మారకూడదన్నారు. గుమ్మం దగ్గర కాపలా మనిషి వచ్చినవాళ్ళ మీదా, తెచ్చిన వాటి మీదా శానిటైజర్ కొట్టేవాడు. పాపం, అతని శ్రద్ధకు వంక పెట్టలేం. లింగమూర్తి అన్న చేతుల మీద కొట్టాడు, సంచి మీద కొట్టాడు, సంచి విప్పించి డిస్కుల మీదా కొట్టాడు. రోగం రాకుండా కాపాడాం, డిస్కే పోయింది. (నవ్వులు) ఇప్పుడు నవ్వుతున్నాం గానీ, ఆ డిస్కులో మన ఊరి అమ్మాయిలు గెలిచిన వాలీబాల్ మ్యాచ్ సగం ఉంది. చూడడానికి జనమే లేని ఆట అది. వీడియో కూడా లేకపోతే, అది జరిగిందని చెప్పడానికి ఆడినవాళ్ళు తప్ప ఎవరున్నారు?

అలాంటి రోజుల్లో ఉషాదేవి గారు విశాఖపట్నం నుంచి వచ్చారు. ఆటంతా ఒక్క చోట నిలవచేసి, అందరూ అక్కడి నుంచే పని చేసుకునే ఉమ్మడి స్టోరేజ్ పెట్టడం ఆమె పని. మొదటి రోజు ఆమె లాప్‌టాప్ తెరవలేదు. లింగమూర్తి అన్న సంచి మోసిన ప్రతిసారీ ఆయన వెనకే నడిచారు. మెట్లెక్కితే ఎక్కారు, ఆగితే ఆగారు. సాయంత్రానికి ఇద్దరూ ఆయాసపడుతూ కూర్చున్నప్పుడు, "లింగమూర్తి గారూ, మీరు నడిచే దారిలోనే తీగ వేద్దామండీ. ఇంతకన్నా దగ్గరి దారి ఎవరికీ తెలియదు" అన్నారు.

అన్న ఏమన్నాడో కూడా చెప్పాలి. "మంచిగున్నది మేడం. అంటే నా కాళ్లకు రిటైర్మెంటు ఇస్తున్రన్నట్టు."

ఆ మాటకు మేడం ఆ రోజు జవాబు చెప్పలేదు.

తీగలు పడ్డాయి. చల్లటి గదిలో యంత్రం నిలబడింది. టోర్నమెంటు జరిగినన్నాళ్ళూ బయటికి వెళ్ళకూడదని మమ్మల్ని స్టేడియంలోనే ఉంచారు. వంటకు ఉన్‌లో మెస్ నడిపే గంగవ్వను కూడా లోపలికి తెచ్చారు. పగలంతా మేడం బోర్డు మీద గీతలు గీసి, ఎవరు దేన్ని చూడవచ్చో, ఎవరు దేన్ని మార్చకూడదో ఓపికగా చెప్పేవారు. అందరి కోసం ఉన్న అసలు రికార్డింగు పేరు ఒకరు మార్చినా, దాన్ని పక్కకు జరిపినా, దాని మీద పని చేస్తున్న మిగతావాళ్ళ పని తెగిపోతుందని చెప్పేవారు. మేము తలలు ఊపేవాళ్ళం. తల ఊపడం మాకు ముందే వచ్చు. (నవ్వులు)

ఒకరోజు భోజనాల దగ్గర పరుశురాం, తింటున్న చేత్తోనే కూర వండిన గంజులోంచి ముక్క అందుకోబోయాడు. గంగవ్వ గంటెతో చేతి మీద ఒక్కటి వేసింది. "ఎంగిలి చెయ్యి గంజుల పెడ్తవురా? నలుగురు తినేది గాదు? తల్లెల ఏసుకొని నీ ఇష్టమొచ్చినట్టు పిసుక్కో పో, గంజు జోలికి మాత్రం రాకు!"

మేడం చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మర్నాడు చూస్తే బోర్డు మీది గీతలన్నీ తుడిచేసి ఉన్నాయి. మా తెరల మీద రెండే ఫోల్డర్లు: గంజు, పళ్లెం. "వండినదంతా గంజులో ఉంటుందండీ. ఎవరికి కావలసింది వారు పళ్లెంలోకి తెచ్చుకుని కోసుకోండి, కలుపుకోండి. గంజులో మాత్రం ఎంగిలి చేయి పెట్టకూడదు" అన్నారు. అంతే. మళ్ళీ ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. చదువుకున్న చదువును పక్కన పెట్టి, ఎదుటివాడి ఇంటి మాటతో చెప్పగలగడం ఎంత పెద్ద చదువో నాకు ఆ ఉదయం తెలిసింది.

ఆ వెంటనే లింగమూర్తి అన్న వైపు తిరిగి, "గరిటె మీ చేతిలో ఉంటుందండీ" అన్నారు. అన్న ఆ రోజు అడిగినదానికి అదీ జవాబు. గంజులోకి వచ్చిన ప్రతి రికార్డింగునూ చూసుకోవడం, సరైన పేరు పెట్టడం, ఆయన ఒప్పుకోకుండా అందులో ఎవరూ ఏదీ కదపకుండా కాపాడడం ఇక ఆయన పని. ఆ పని చేసే కుర్చీయే ఇప్పుడు పోబోతున్న కుర్చీ.

ఇక్కడ మా సంగతి కూడా దాచకుండా చెప్పాలి. మాలో చాలామందిమి పది మంది ఉండే గదుల్లో బతికాం. పగటి పాళీవాడు లేచిన చాప మీదే రాత్రి పాళీవాడు పడుకునేవాడు. అక్కడ ప్రతివాడికీ సొంతమైనది ఒక్క తాళం వేసిన రేకు పెట్టె. ఉమ్మడిగా ఉన్నది ఎప్పుడైనా పోతుందనీ, పెట్టెలో ఉన్నదే మనదనీ మా ఎముకలకు తెలుసు. అందుకని గంజు గంజే అంటూనే, ఎవరికి వారు మ్యాచ్ మొత్తాన్ని సొంత డిస్కుల్లోకి దించి దాచుకున్నాం. అందరూ ఒకేసారి తోడుతుంటే తీగ ఉక్కిరిబిక్కిరైంది. రీప్లేలో బంతి గాల్లోనే నిలిచిపోయేది. "బంతికి గూడ క్వారంటైన్ ఏసిండ్రా ఏంది?" అన్నాడు పరుశురాం, తన డిస్కు జేబులో తడుముకుంటూ.

మేడంకు తెలుసు. ఎవరినీ జేబులు చూపమనలేదు, ఎవరినీ పేరు పెట్టి అడగలేదు.

ఫైనల్ రోజు వచ్చింది. ఆట నడుస్తుండగా, ఒక రికార్డింగు వేరే కెమెరా పేరుతో గంజులో పడిందని మేడం గమనించారు. వచ్చి, నిలబడే, పేరు సరిచేయడానికి కీబోర్డు అందుకున్నారు. లింగమూర్తి అన్న చేయి అడ్డం పెట్టాడు.

"జర ఆగుండ్రి మేడం. పరుశురాం గా ముక్క మీదనే పని జేస్తున్నడు. ఇప్పుడు పేరు మారిస్తే తినేటోని కింద పీట గుంజినట్టైతది."

"ఒక్క అక్షరమేనండీ."

"ఒక్కటైనా ఆట అయినంకనే."

"లింగమూర్తి గారూ, దీనికి తాళం నా దగ్గరా ఉందండీ."

"ఉండనియ్యుండ్రి. గంటె నా చేతుల పెట్టింది మీరే గద?"

గదిలో అందరం తెరలు వదిలి చూస్తున్నాం. ఆ యంత్రం ఆమెది, ఆ నియమం ఆమెది, ఆ కుర్చీ ఆమె వేసినది. ఇంకో గదిలోకి వెళ్ళి ఒక్క మీట నొక్కితే అయిపోయేది, ఎవరికీ తెలిసేది కూడా కాదు. ఆమె కీబోర్డు మీంచి చేయి తీసి, ఒక అడుగు వెనక్కి వేసి, "సరేనండీ, ఆట అయ్యాక అడుగుతాను" అన్నారు. ఆట అయ్యాక నిజంగానే వచ్చారు. "ఇప్పుడు మార్చమంటారా?" అని అడిగారు. అన్న ఊఁ అన్నాక మార్చారు.

మిత్రులారా, ఆ రోజు ఏ ఘోరమూ తప్పిపోలేదు. ఆయన ఆపకపోయి ఉంటే పరుశురాం పని కాసేపు తెగేది, అంతే. కానీ మర్నాడు హైలైట్స్ పనికి కూర్చున్నప్పటి నుంచి తీగ తేలికైంది, బంతి గాల్లో ఆగడం మానేసింది. ఎవరూ ఎవరికీ చెప్పకుండానే జేబుల్లో డిస్కులు ఖాళీ అయ్యాయి. తెచ్చిపెట్టినవారికే చేయి పెట్టే హక్కు లేని గంజు అయితే, అందులో మన కూడు భద్రంగా ఉంటుందని మాకు నమ్మకం కుదిరింది.

జశ్వంత్‌భాయ్ గారూ, ఆఫీసు చెప్పిన కారణం నేను విన్నాను. ఎవరు ముట్టుకోవచ్చో, ఎవరు ముట్టుకోకూడదో సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది, మనిషి ఎందుకని. నిజమే, కాదనను. అయితే ఆ తాళం మొదటి రోజు నుంచీ ఉంది. తాళం ఉండగానే మేము దొంగచాటుగా దాచుకున్నాం. మేము దాచడం మానింది మేడం ఆగడం చూశాక. ఆమె ఆగడానికి ఒక మనిషి ఆపవలసి వచ్చింది. ఇప్పుడు ఆమె వెళుతున్నారు. ఆపే మనిషిని కూడా పంపేస్తే, మాకు యంత్రం మిగులుతుంది, నమ్మకం మిగలదు. ఆ కుర్చీని ఉంచమని, మీ పదవికి తగిన గౌరవంతో, అందరి ఎదుటా అడుగుతున్నాను.

(హిమశ్రీ అధ్యక్షుల చెవిలో చెబుతోంది. జశ్వంత్‌భాయ్ ఏదో అడిగారు.)

ఏమంటున్నారమ్మా?

(హిమశ్రీ: "మేడం ఏమంటారో చెప్పమంటున్నారు అంకుల్.")

(ఉషాదేవి లేచి: "పరమేశ్వర్ గారు నన్ను మరీ పొగిడారండీ. ఆ రోజు నాకు కోపం వచ్చింది. వెళ్ళి ఆ మీట నొక్కేద్దామని యంత్రం గది గుమ్మం దాకా వెళ్ళాను కూడా. నొక్కితే ఇక ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా ఒకటేనని ఆగిపోయాను. ఆ కుర్చీ ఉండాలండీ.")

(జశ్వంత్‌భాయ్ నవ్వుతూ హిందీలో: "ఠీక్ హై, కుర్సీ రహేగీ. లేకిన్ లింగమూర్తి, ముఝే భీ రోకేగా క్యా?")

కుర్చీ ఉంటుందట! తనను కూడా ఆపుతావా అని అడుగుతున్నారన్నా.

(లింగమూర్తి, లేచి నిలబడి, చేతులు జోడించి: "ఆపుత సేఠ్.")

(హిమశ్రీ చెప్పకముందే జశ్వంత్‌భాయ్ పెద్దగా నవ్వారు. చాలాసేపు చప్పట్లు.)

ఇంకా రెండు పేజీలు రాసుకొచ్చాను. వాటిలో మేడం నేర్పిన విషయాలు వరుస నంబర్లతో ఉన్నాయి. చదవను. ఆమె గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చారన్న సంగతి నాకు ఇప్పుడే తెలిసింది. కోపం రాని మనిషి ఆగడం వేరు. కోపంతో వెళ్ళి, తాళం చేతిలో ఉండి కూడా తిరిగి రావడం వేరు. ఇది తెలియక నేను నా కాగితాల్లో ఆమెను తక్కువగానే రాశాను.

అధ్యక్షుల వారికి, పెద్దలకు, ఓపికగా విన్న మీ అందరికీ, నా ప్రతి మాటనూ రెండోసారి పలికిన హిమశ్రీకి కృతజ్ఞతలు. మేడం, మీరు ఇంకో ఊళ్ళో ఇంకో స్టేడియానికి ఇదే పని మీద వెళుతున్నారని విన్నాను. అక్కడ యంత్రాలు మంచివి దొరుకుతాయి, తీగలు మీరే వేయించుకోగలరు. మిమ్మల్ని ఆపగలిగే మనిషి కూడా ఒకరు అక్కడ దొరకాలని మనసారా కోరుకుంటూ, సెలవు తీసుకుంటున్నాను.

సమయం సాయంత్రం ఏడు గంటల పది నిమిషాలు.
పరమేశ్వర్ సోమలింగం ఆడెపు