కళ్ళద్దాల బాబాయ్ పెంచిన చేప

"చేపకి బుద్ధుండదని ఎవడన్నాడయ్యా? వాణ్ణి ఒక్కసారి మా ఇంటికి తీసుకురండి. ఇవాళ పొద్దున్న మా చేప ఏం చేసిందో తెలుసా? నా చేతిలోంచి తిండి తీసుకుని తింది!"

ఆదివారం పదకొండు గంటలకి, నా టీకొట్టు ముందు బెంచీ మీద కూర్చుని కళ్ళద్దాల బాబాయ్ ఇలా మొదలుపెట్టాడు. ఎదురు బెంచీ మీద పంక్చర్ షాపతను, స్కూలు బస్సు డ్రైవరు.

"చేతిలోంచి తినడం కూడా ఒక గొప్పేనా బాబాయ్? మా పిల్లి రోజూ తింటుంది" అన్నాడు పంక్చర్ షాపతను.

బాబాయ్ సంగతి కొంచెం చెప్పాలి. వీధి చివర కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసే పని ఈయనది. ముప్పై ఏళ్ళుగా అదే కుర్చీ. అమ్మానాన్నలు చిన్నప్పుడే పోతే అక్క పెంచింది. ఆ అక్క పెళ్ళి చేసుకోలేదు, ఈయనా చేసుకోలేదు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు. ఆవిడకి చేపల పిచ్చి. హాలు నిండా గాజు తొట్లే. ఉప్పునీళ్ళ తొట్టిలో పగడాలు కూడా పెంచింది, మా వీధివాళ్ళు పిల్లల్ని తీసుకెళ్ళి చూపించేవాళ్ళు. అలాంటిది ఐదు నెలల కిందట, యాభై మూడో ఏట ఆవిడ పెళ్ళి చేసుకుంది. పక్క సందులో రంగు చేపలు అమ్మే షాపాయన్ని. పగడాల తొట్టిని నలుగురు మోసుకెళ్ళారు. తమ్ముడికి తోడుగా ఉంటుందని మొక్కలున్న చిన్న తొట్టి ఒకటి, అందులో నారింజ రంగు చేప ఒకటి వదిలి వెళ్ళింది.

అప్పట్నుంచీ ఈయన అక్క గడప తొక్కలేదు. ఎప్పుడు పిలిచినా పని ఉందనేవాడు. ప్రతి ఆదివారం నా కొట్టు దగ్గర కూర్చుని ఆ చేప కబుర్లు మాత్రం చెప్పేవాడు. వారం వారం చేప పెరిగేది.

ఆ ఆదివారం ఆయన వెనకాల, గోడవార పెట్టె మీద, చేపల షాపాయన వచ్చి కూర్చున్నాడు. బాబాయ్ చూడలేదు. నేను నోరు తెరవబోతే చేపల షాపాయన వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. సరే, నాకెందుకని టీ వడపోస్తూ ఉండిపోయాను.

"మీ పిల్లి తింటుందయ్యా, కాదన్నానా? మనిషిని చూసి తింటుందా? ఇది చూస్తుంది. నేను కళ్ళజోడు తీసేసి వెళ్ళాననుకో, ఎవడో పరాయివాడని మొక్కల వెనక్కి పోతుంది. పెట్టుకుని వెళ్తే తోకాడించుకుంటూ వస్తుంది. అయితే ఒక రోజు నాకు అనుమానం వచ్చింది, ఇదేమిటి ఎప్పుడూ కుడి పక్కకే తిరుగుతోందని. ముప్పై ఏళ్ళ అనుభవం కదా, ఇట్టే పట్టేశాను. ఎడమ కన్ను మందం! షాపులోంచి అక్షరాల అట్ట తెచ్చి గాజుకి ఆనించాను. పై వరసకి ఒక బుడగ వదిలింది. రెండో వరసకి రెండు బుడగలు. నాలుగో వరస దగ్గరికొచ్చేసరికి నోరు మూసుకుంది పాపం. అప్పుడేం చేశాననుకున్నారు? గోరంత అద్దం ఒకటి అరగదీశాను, దాని కంటికి సరిగ్గా సరిపోయేలా."

"చేపకి చెవులెక్కడున్నాయి బాబాయ్, కళ్ళజోడు తగిలించడానికి?" అన్నాడు డ్రైవరు.

"అడుగుతావని తెలుసు. తొట్టి గాజుకే బయటినుంచి అతికించాను. అది వచ్చి అక్కడ కన్ను పెట్టి వీధంతా చూస్తుంది. నీ స్కూలు బస్సు ఎన్ని నిమిషాలు ఆలస్యంగా వచ్చిందో తోకతో గాజు మీద కొట్టి మరీ చెప్తుంది. మొన్న మంగళవారం పదిహేడు కొట్లు కొట్టింది!"

"ఆ రోజు టైరు పోయిందిగా! ఇదిగో, ఈయన్నే అడుగు" అని డ్రైవరు పంక్చర్ షాపతన్ని ముందుకి తోశాడు. నిజంగానే ఆ రోజు బస్సు ఆలస్యమైంది. బాబాయ్ కోతల్లో అక్కడక్కడ ఇలా ఒక నిజం తగులుతుంది, అందుకే జనం లేచిపోకుండా వింటారు.

"కళ్ళ సంగతి వదిలెయ్యి, మొక్కల సంగతి విను. చేపలున్న నీళ్ళ బలం దేనికీ రాదు. తొట్టి మూతకి నాలుగు చిల్లులు చేసి టమాటా మొక్కలు నిలబెట్టాను, వేళ్ళు నీళ్ళలోకి దిగేలా. వారం తిరక్కుండా కిటికీ అందుకున్నాయి. రెండో వారం పైకప్పు అందుకున్నాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పై ఇంటావిడ పరిగెత్తుకుంటూ మెట్లు దిగొచ్చి తలుపు బాదింది. ‘ఏమండీ, మా స్నానాలగదిలో షవర్ తిప్పితే నీళ్ళు రావట్లేదు, టమాటాలు పడుతున్నాయి!’ అని. లోపలికి రండమ్మా, కూర్చోండి అన్నాను. కుర్చీ మీద బట్టలు తీసి, తుడిచి వేశాను. పని ఉంది, తర్వాత వస్తానంది. ఆ కుర్చీ ఇప్పటికీ అలాగే వేసి ఉంచాను, ఎప్పుడొస్తుందోనని... సరే, అది వేరే సంగతి. ఎక్కడున్నాం మనం?"

"పైకప్పు మీద" అన్నాడు పంక్చర్ షాపతను.

"ఆఁ. ఇప్పుడు అసలు కథ. మా అక్క పగడాలన్నీ ఊడ్చుకుపోయిందనుకుంటున్నారు కదా? తొట్టి తుడిచిన గుడ్డకి ఒక ముక్క అంటుకుని ఉండిపోయింది. ఆవగింజంత. పారేయబుద్ధి కాలేదు. బకెట్లో వేసి గుప్పెడు ఉప్పు కలిపాను. తెల్లారేసరికి బకెట్ నిండింది. మర్నాటికి స్నానాలగది నిండింది. ఎర్రవి, ఊదావి, పచ్చవి, కొమ్మలు కొమ్మలుగా! పదో రోజుకి హాలంతా సముద్రం. ఆటుపోట్లు కూడా వస్తాయి. పోటు వచ్చిందంటే మంచం తేలుతుంది. వంటింట్లోకి వెళ్ళాలంటే బట్టలు నానబెట్టే టబ్బులో కూర్చుని గరిటెతో తెడ్డేసుకుంటూ వెళ్ళాలి."

"కింద ఇంటివాళ్ళకి నీళ్ళు కారట్లేదా?" అన్నాడు పంక్చర్ షాపతను.

"పగడమంటే ఏమనుకున్నావు! సిమెంటు దాని ముందు దిగదుడుపు. ఒక్క చుక్క కారితే నా పేరు మార్చి పిలువు."

"ఇప్పుడు మాత్రం నీ పేరెవడికి తెలుసు బాబాయ్" అన్నాడు డ్రైవరు. నవ్వాం. బాబాయ్ కూడా నవ్వి, గ్లాసు నా వైపు చాచాడు. నింపాను. ఆ ఆవిరికి కళ్ళజోడు మసకబారింది. తుడుచుకోకుండానే మళ్ళీ ఎత్తుకున్నాడు.

"అలా ఉండగా ఒక రోజు వంటింటి వైపునుంచి పెద్ద హారన్. వెళ్ళి చూద్దును కదా, ఓడ! నిజం ఓడ. దారి తప్పి మా వంటగట్టుకి ఆనుకుని ఆగింది. కెప్టెన్ తల వంచుకుని గుమ్మంలోంచి వచ్చి, కాసేపు కూర్చోవచ్చా అన్నాడు. దానికేం భాగ్యం అన్నాను. గూట్లోంచి రెండో కప్పు దించాను. దాన్ని దించి ఎన్నాళ్ళయిందో, అడుగున దుమ్ము పట్టేసింది. రెండుసార్లు కడిగి టీ పోశాను. ఆయన చాలాసేపు మాట్లాడాడు. వాళ్ళ ఊరు, వాళ్ళ పిల్లలు, పడ్డ తుఫాన్లు. నేను అలా వింటూ కూర్చున్నాను. ఎంత బాగుందో! వెళ్తానంటే ఇంకో అరగంట ఉండమన్నాను."

"నువ్వు వింటూ కూర్చున్నావా? ఓడైనా నమ్ముతాను గానీ, ఇది మాత్రం నమ్మను బాబాయ్" అన్నాడు పంక్చర్ షాపతను.

"మరి చేప ఏమైంది? దాన్ని మర్చిపోయావు" అని డ్రైవరు గుర్తుచేశాడు.

"దాన్ని మర్చిపోతానా! సముద్రం దొరికాక చేప ఊరికే ఉంటుందా? ముందు దిండంత అయింది. తర్వాత తలుపంత. ఇప్పుడు హాల్లో పడుకుంటే తోక వరండాలో ఉంటుంది. ఆ ఓడని ముక్కుతో నెట్టుకుంటూ వెళ్ళి దారిలో పెట్టి వచ్చింది కూడా అదే. అది కాదు గొప్ప. నిన్న పొద్దున్న ఏమైందో తెలుసా? షాపుకి బయల్దేరాను. తలుపు దగ్గరికి లాగి తాళం వేస్తున్నాను. లోపల్నుంచి పిలిచింది. మనిషి గొంతుతో. ‘ఏరా, తిన్నావా?’ అని."

పంక్చర్ షాపతను నవ్వడానికి నోరు తెరిచి ఆగిపోయాడు. ఆ మాట కోతలా వినిపించలేదు మరి.

అప్పుడు వెనక పెట్టె మీదినుంచి చేపల షాపాయన మెల్లగా అన్నాడు:

"బావగారూ, ఆ చేప పోయి ఐదు నెలలు కావస్తోంది కదండీ."

మా వీధిలో గాలి తీసే పని పంక్చర్ షాపతనిది. ఎవరేం కోతలు కోసినా ముందు అతనే తుస్సుమనిపిస్తాడు. ఆ రోజు అతను కూడా తల దించుకున్నాడు.

బాబాయ్ వెనక్కి తిరిగి చూశాడు. "ఎవరు చెప్పారు?" అన్నాడు. గొంతు ఇంకా కథ చెప్పే గొంతే.

"మీ అక్క దగ్గర ఇంకో తాళంచెవి ఉందిగా. పెళ్ళైన వారానికి చేపని చూసిపోదామని వచ్చింది. మీరు షాపులో ఉన్నారు. తొట్టిలో నీళ్ళు పాలలా ఉన్నాయట. చేప లేదు. నీళ్ళలోకి గాలి పంపే మోటారు మాత్రం ఆడుతోందట. ఏమీ ముట్టుకోకుండా తాళం వేసి వచ్చేసింది. ‘వాడే చెప్తాడు, ఆగుదాం’ అంది. ఆ ఆదివారమే మీరు ఇక్కడ, చేప బాగుంది, కాస్త ఒళ్ళు చేసిందని అన్నారని తెలిసింది."

బాబాయ్ ఇటు తిరిగి టీ ఒక గుక్క తాగాడు.

"అప్పట్నుంచీ ప్రతి వారం అడుగుతుంది, ఈ వారం ఎంత పెరిగిందట అని. మొదట్లో నవ్వేది. పోయిన వారం నవ్వలేదు. ఇవాళ పొద్దున్న నాతో, ‘ఆ చేప ఇంక ఆ ఇంట్లో పట్టదు, వెళ్ళి వాణ్ణి తీసుకురండి’ అంది."

బాబాయ్ గ్లాసు బెంచీ మీద పెట్టాడు.

"నాలుగు రోజులకే పోయింది" అన్నాడు. "నేను తిన్నప్పుడల్లా దానికీ వేశాను. ఒక్కణ్ణే తినాలంటే ఎలాగో ఉండేది. టీ తాగినా వేసేవాణ్ణి. అది తినేది, నేను వేసేవాణ్ణి. మిగిలిందంతా అడుగున కుళ్ళి నీళ్ళు తెల్లబడ్డాయి. పొద్దున్న లేచి చూస్తే పైన తేలుతోంది." గ్లాసు అవతలికి జరిపాడు. "ఆవిడ నన్ను ఇంతవాణ్ణి చేసింది. నేను ఒక్క చేపని వారం రోజులు బతికించలేకపోయాను. ఏ మొహం పెట్టుకుని వస్తాను బావా?"

ఆయన్ని బావా అనడం మేమెవరం అంతకుముందు వినలేదు. చేపల షాపాయన అనే అనేవాడు.

"చేపే లేనప్పుడు ఆ మోటారు ఆపెయ్యకపోయావా బాబాయ్?" డ్రైవరు అడిగాడు. ఎగతాళిగా కాదు.

"ఒకసారి ఆపాను" అన్నాడు బాబాయ్. "వెంటనే మళ్ళీ వేసేశాను."

ఐదు నెలలుగా ఆ కబుర్లకి నేనూ నవ్వాను. అక్క దగ్గరికి ఎందుకు వెళ్ళవని ఒక్కనాడూ అడగలేదు.

"అక్క కోపంగా ఉందా?" అన్నాడు బాబాయ్ చివరికి.

"లేకేం? భోజనం వడ్డించుకుని కూర్చుంది. మీరొస్తే గానీ నాకూ పెట్టదట." చేపల షాపాయన లేచి, ఆయన ముందుకొచ్చి నిలబడ్డాడు. "నా ఆకలి సంగతైనా చూడండి."

బాబాయ్ కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. ముప్పై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ అద్దాలన్నీ చూసిన మనిషికి తనవాటి మసక మాత్రం ఎంత తుడిచినా పోలేదు. అలాగే పెట్టుకుని లేచాడు. మాతో వస్తానని కూడా చెప్పలేదు.

ఇద్దరూ రోడ్డు మీదికి దిగాక, ఆయన అడగడం నాకు వినిపించింది:

"చేపకి అసలు రోజుకెంత వెయ్యాలి బావా?"

"చిటికెడు."

"చిటికెడేనా?"

"అంతే. ఆదివారం అదీ వెయ్యం. వారానికొక రోజు పస్తుంటే వాటికి మంచిది."

బాబాయ్ నడుస్తున్నవాడల్లా ఆగాడు. "మనిషికి ఆదివారమే కష్టం" అన్నాడు.

చేపల షాపాయన ఆయన కదిలేదాకా పక్కనే నిలబడి, కదిలాక నడిచాడు.