రేవుకి చట్టం లేని పూట

మాదాపూర్‌లో గుండ్రటి బిల్డింగుకి ఎదురుగా ఎల్లయ్య చాయ్ బండి ఉండేది. 1999 డిసెంబరులో నేను కూకట్‌పల్లి నుంచి రోజూ నాలుగింటికల్లా అక్కడికి చేరేవాణ్ణి. చాయ్ కోసం కాదు, ఆ బిల్డింగులోంచి చాయ్‌కి దిగేవాళ్ళ కోసం. వాళ్ళలో ఒకడైన కిరణ్ పాల్ ఆ రోజు నా బయోడేటా లోపలికి తీసుకెళ్తానన్నాడు. వాళ్ళ కంపెనీలో కొత్త సంవత్సరానికి ఒకే ఒక్క ఖాళీ ఉంది, కంప్యూటర్లలో తేదీలు సరిచేసే పని. ఆయన చేతిలో గ్లాసు ఖాళీ అయ్యేలోగా, నేను ఆ పనికే పుట్టానని నమ్మించాలి.

ఆయన వెంట లీదియా అనే ఆవిడ కూడా వచ్చింది. వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం ఆవిడ ఉద్యోగం. ఆ సంగతి ఆయన ముందే చెప్పాడు. నేనే పట్టించుకోలేదు. బయోడేటా ఆవిడ చేతిలో పెట్టేసి, ఆయన వైపు తిరిగి మొదలుపెట్టాను.

“తేదీలంటే గుర్తొచ్చింది కిరణ్ పాల్ గారూ, నేనూ ఒక చిన్న పని చేశానండి, పెద్దగా చెప్పుకునేది కాదు. మా కాకినాడలో ఓడల ఏజెంటు ఒకాయన దగ్గర బ్రిటిష్ వాళ్ళ నాటి రేవుల చట్టం పుస్తకం ఉంది. 1908లో చేసింది, ఇప్పటికీ అదే నడుస్తోంది. రేవులో ఓడ మీద తారు కాచకూడదు, ఓడ అడుగున బరువు కోసం పోసుకున్న రాళ్ళూ ఇసుకా నీళ్ళలో పారబోయకూడదు, రెండు వందల టన్నులు దాటితే దారి చూపే పైలటు లేకుండా లోపలికి రాకూడదు, అన్నీ ఇలాంటివే. దాన్నంతా కంప్యూటర్లోకి ఎక్కించాను. ఓడ పేరు కొడితే చాలు, దానికి ఏ రూలు వర్తిస్తుందో తెరమీదికి వచ్చేస్తుంది. పదకొండు రోజులు, ఒక్కణ్ణే.”

“బాగుంది బ్రదర్,” అన్నాడు కిరణ్ పాల్.

“ఇంకా నా ముందుచూపు వినలేదు మీరు. సంవత్సరానికి చివరి రెండంకెలే దాస్తాం కదండీ, రేపు రెండు వేలొస్తే సున్నా సున్నా చూసి యంత్రాలు తికమకపడతాయని ఊరంతా గోల. నేను అప్పటికే సర్దేశాను. యాభై లోపు అంకె కనపడితే ముందు ఇరవై తగిలించమన్నాను. సున్నా ఒకటి అంటే 2001, సున్నా రెండు అంటే 2002.”

“సున్నా ఎనిమిది అంటే?” అంది లీదియా, కాగితం మీంచి తల ఎత్తకుండా.

“అక్కడికే వస్తున్నానండి. 2008. రేవుల చట్టం 2008లో పుడుతుందనుకుంది యంత్రం. మొన్న ఆగస్టులో పొద్దున్నే ఏజెంటు గారి గుమాస్తా సుబ్రహ్మణ్యం గారు ఫోను చేశారు, ‘ఏ ఓడ పేరు కొట్టినా చట్టం ఇంకా అమల్లోకి రాలేదంటోందయ్యా బాలూ’ అని. అంటే ఇంకో తొమ్మిదేళ్ళు రేవుకి చట్టం లేదు. ఇంత పెద్ద తప్పు మా జిల్లాలో ఇంకెవరి చేతనైనా అవుతుందేమో చూడండి. నేను రెండే రెండంకెలతో చేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసాండీ?”

“చెప్పు తమ్మీ,” అన్నాడు ఎల్లయ్య, పాలగిన్నె కింద మంట తగ్గించి.

“ముందు బార్జీ నడిపే సరంగు ఒకడు, భయం భయంగా, చిన్న డబ్బాలో తారు కాచాడు. ఎవరూ ఏమీ అనలేదు. పక్కవాడు పీపాలో కాచాడు. పదింటికల్లా రేవంతా పొగ. ఆ కబురు వైర్‌లెస్సులో బంగాళాఖాతం అంతా పాకింది, సింగపూరు పోవాల్సిన ఓడలు కూడా ఇటు తిరిగాయి. గంటకి ఎనిమిది ఓడలు, రోజుకి నూట తొంభై రెండు, ఒక్కదాంట్లోనూ పైలటు లేడు, పైలట్లంతా ఒడ్డున కూర్చుని కాజాలు తింటున్నారు. ఒక్కో ఓడ నలభై టన్నుల రాళ్ళూ ఇసుకా పారబోసింది. లెక్క చూడండి, ఏడు వేల ఆరువందల ఎనభై టన్నులు. సముద్రం అడుగు పైకి తేలింది. సాయంత్రానికి కాలేజీ కుర్రాళ్ళు వికెట్లు పాతారు.”

“సముద్రంల?” అన్నాడు ఎల్లయ్య.

“సముద్రంలోనే. బంతి ఓడకి తగిలితే నాలుగు, ఓడ దాటితే ఆరు.”

“మరి ఇగ ఓడలు యాడికి పోవాలె?”

“అదీ ప్రశ్న. రేవు ఎక్కడిదాకో హద్దు చెప్పేది కూడా ఆ చట్టమే. చట్టం లేకపోతే హద్దు ఎక్కడిది? ఓడలు గోదావరిలోకి ఎక్కేశాయి. వాటిలో ఒక కెప్టెను, ఈ తప్పు చేసిన మహానుభావుడు కూకట్‌పల్లిలో ఉంటాడని విని, చూసిపోదామని బయల్దేరాడు. గోదావరిలోంచి మంజీర, మంజీరలోంచి మన మంచినీళ్ళ పైపు. ఓడని పైపులో పట్టించి మియాపూర్‌లో తేలాడు. ఆ రోజు మా కాలనీలో కుళాయిలు ఎందుకు రాలేదనుకున్నారు?”

“మా పుప్పాలగూడల రోజూ రావు,” అన్నాడు ఎల్లయ్య. “మాకు ఏ ఓడ అడ్డం పడ్డదో.”

కిరణ్ పాల్‌కి చాయ్ పొలమారింది. గ్లాసులో ఇంకా సగం ఉంది. నాకు ధైర్యం వచ్చింది.

“అప్పుడు నేను ఒక్కటే ఆలోచించానండి. జబ్బు రెండంకెల్లో ఉంది, మందూ రెండంకెల్లోనే ఉండాలి. ఇరవై తీసేసి, ఏ సంవత్సరం కనపడినా ముందు పంతొమ్మిది తగిలించమన్నాను. ఒకటి నొక్కాను, ఎక్కడి ఓడలు అక్కడ ఆగిపోయాయి. తొమ్మిది నొక్కాను, తొంభై ఒక్కేళ్ళ చట్టం ఒక్కసారిగా రేవు మీద పడింది. కెప్టెన్లు గబగబా పొయ్యిలార్పి, ఎవరి రాళ్ళు వాళ్ళు బుట్టల్లోకి ఏరుకున్నారు. ఇసుక కూడా, ఇది నీది, ఇది నాది అని రేణువు రేణువూ పంచుకున్నారు. వారానికల్లా లండన్ నుంచి ఉత్తరం. చట్టం రాసింది మేమే అయినా ఇంత గట్టిగా ఎప్పుడూ అమలు చేయలేకపోయాం, మా రేవులు కూడా నువ్వే చూసుకో అని. నేనే వద్దన్నాను. నలభై ఏడులో వెళ్ళినవాళ్ళతో మళ్ళీ ఉత్తరాలెందుకండీ?”

“ఏ సంవత్సరం కనపడినానా?” అంది లీదియా.

“ఏది కనపడినా సరే. ఇక ఆ యంత్రం జన్మలో తప్పు చెయ్యదు.”

“ఈ బయోడేటాలో తేదీలు కూడా ఆ ప్రోగ్రామే వేసిందా?”

“అదేనండి. ఒక్క తేదీ కూడా నేను చేత్తో కొట్టలేదు.”

ఆవిడ ఆ చిల్లుల అంచు ప్రింటరు కాగితాన్ని నా వైపు తిప్పి, చివరి వరస మీద గోరు పెట్టింది.

“ఉద్యోగంలో చేరగల తేదీ, జనవరి మూడు, పంతొమ్మిది వందలు.”

నేను చూశాను. పంతొమ్మిది, పక్కన సున్నా, సున్నా. లెక్కల్లో చురుకైనవాణ్ణని అదే కాగితంలో రెండు వరసల పైన ఉంది.

“అంటే మీరు కాపాడిన చట్టం పుట్టడానికి ఇంకా ఎనిమిదేళ్ళుంది,” అంది.

“అప్పటికి మా తాతకు పెండ్లి గూడ కాలే,” అన్నాడు ఎల్లయ్య.

“లేటుగా వస్తాననలేదు కదండీ,” అన్నాను. “వందేళ్ళు ముందే వస్తానంటున్నాను.”

“బాలు గారూ, ఆగస్టులో ఆ పొద్దున రేవుకి ఎన్ని ఓడలొచ్చాయి?” అంది లీదియా.

కిరణ్ పాల్ గ్లాసు బండి మీద పెట్టేశాడు. ఇక కోతలు కోయడానికి టైము లేదు.

“ఒక్కటీ రాలేదండి. వర్షం. సుబ్రహ్మణ్యం గారు కంప్యూటరు మీద గుడ్డ కప్పేసి, పాత పుస్తకం బల్ల మీద పెట్టుకున్నారు. ఇప్పటికీ అదే చూస్తున్నారు.”

నేను జేబులోంచి పెన్ను తీసి, కాగితం కోసం చెయ్యి చాపాను. ఆవిడ ఇవ్వలేదు.

“దిద్దకండి. పంతొమ్మిది తగిలించేస్తే ఏమవుతుందో మా సార్‌కి వారం నుంచి చెప్తున్నాను, ఆయనకి అర్థం కావడం లేదు. ఇది చూస్తే అవుతుంది.” నాలుగు మడతలు పెట్టి బ్యాగులో వేసుకుంది.

“పైన నా పేరుంటుందా అండీ?”

“పేరూ ఉంటుంది, పక్కింటి ఫోను పీపీ నంబరూ ఉంటుంది. తప్పు చేసినవాణ్ణే పిలిచి సరిచేయించుకోమని నేను చెప్తాను. ఆయన వింటాడని మాటివ్వను. ఎందుకైనా మంచిది, మూడో తారీఖు పొద్దున తొమ్మిదింటికి గేటు దగ్గరుండండి.”

వాళ్ళిద్దరూ రోడ్డు దాటుతుంటే వెనకాలే పరిగెత్తాను.

“ఏ సంవత్సరమండీ?” అన్నాను. “నాలుగంకెలూ చెప్పండి.”