తేదీ పడే కెమెరా

బేతంచెర్ల పక్క పల్లె నుంచి బస్సు దిగి, రైతు కర్నూలులో కెమెరా అంగడి మెట్లెక్కినాడు.

"పెండ్లికా అన్నా? దూరంది దగ్గరికి లాగేది ఉండాది, చూడు," అన్నాడు అంగడాయన.

"నాకు దూరంతో పన్లేదప్పా. క్వారీలో బండలు పేల్చినప్పుడల్లా మా ఇంటి గోడ పగులుతాండాది. అది పాత పగులేనని క్వారీవాళ్లు వాదిస్తాండారు. ఫొటో మీద తేదీ పడే కెమెరా ఇయ్యి."

"అన్నిట్లోనూ పడతాది. ఈ బటన్లు నొక్కి నీకు ఏ తేదీ కావాలంటే అది పెట్టుకోవచ్చు."

రైతు చెయ్యి కెమెరా మీదనే ఆగిపోయింది.

"ఏ తేదీ అయినా పెట్టొచ్చా? ఈ సంగతి క్వారీవాళ్లకు తెలిస్తే నా ఫొటో ఎవరు నమ్ముతారప్పా?"

"తెలియకేం అన్నా! పోయిన వారమే వాళ్లు ఇట్లాంటిదే కొన్నారు. తేదీ ఎనక్కి జరిపేది నాతోనే నేర్చుకోని పోయినారు."